సెల్ఫ్ ఎత్తని బండి

యశోద కీ తిప్పింది. ఇంజను బరువుగా ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పితే ఆ మూలుగు కూడా సగంలోనే ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మాత్రం తనకేమీ పట్టనట్టు వెలుగుతోంది.

పెనుకొండ హాల్టు. ధర్మవరం నుంచి వచ్చిన ఆడవాళ్లు వ్యానులో సర్దుకుని కూర్చున్నారు. పెనుకొండ వాళ్లు కూడా టిఫిను డబ్బాలు చంకన పెట్టుకుని ఎక్కేశారు. ఇక హిందూపురం దారిలో ఉన్న బట్టల ఫ్యాక్టరీకి పోవడమే తరువాయి. గేటు మూసేలోపు పోకపోతే పూట కూలి గోవిందా. ఆ సంగతి తెలుసు గనకే అందరూ యశోద వీపు కేసే చూస్తున్నారు.

"మళ్లీనా మే?" అంది వెనక సీట్లోంచి రామక్క. ధర్మవరంలో యశోదకు పక్కింటి మనిషే.

"ఒక నిమిసం ఉండక్కా."

నిమిషం ఆగితే ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. అదే దీనితో తంటా. ఏకంగా చచ్చిపోతే ఏ మెకానిక్కయినా చూసి చెబుతాడు. ఇది చావదు, బతకదు. ఇక్కడి మెకానిక్కు ఇమ్మానుయేలు దగ్గరకు యశోద దీన్ని రెండుసార్లు తీసుకుపోయింది. రెండుసార్లూ ఈ ముదనష్టపు బండి పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా బుద్ధిగా ఒక్క తిప్పుకే లేచి కూర్చుంది. బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ మోటారు బాగుంది అన్నాడతను. చివర్లో కాస్త నసిగి, "కీ తొందరగా వదిలేస్తాండావేమో చూడక్కా" అని కూడా అన్నాడు. ఆ మాటకు యశోద ఒళ్లు మండిపోయింది. కీ ఎంతసేపు పట్టుకోవాలో తెలియకుండానే ఇన్నేళ్లు ఆటో తోలిందా, హెవీ లైసెన్సు తెచ్చుకుందా?

సరిగ్గా అప్పుడే మోటారు సైకిలు వచ్చి కిటికీ పక్కన ఆగింది. బండి ఓనరు ఉమాశంకర్. ఉండేది హిందూపురంలో. ఎప్పుడో ఒకనాడు చెప్పకుండా ఇలా దిగబడి బండిని, డ్రైవరును చూసుకుపోవడం ఆయనకు అలవాటు.

"ఏంది, ఇంగా ఈడే ఉండారు?"

"సెల్ఫ్ ఎత్తలేదు సార్. పొద్దున ధర్మవరంలో ఒక్క తిప్పుకే లేచింది. ఈడ ఆపినాకనే ఇట్ల చేస్తాండాది, అదీ రోజూ కాదు. ఎఫ్.సి. చేపిచ్చుకోని వచ్చిన కాడ్నించీ..."

"రంగు కొట్టిచ్చి, ఎఫ్.సి. చేపిచ్చి, పెండ్లికొడుకు మాదిరి తెచ్చి నీ చేతిలో పెడితే, దాని వల్లనే చెడిపోయిందంటావా?"

"అట్లనలేదు సార్. ఈ హాల్టులో ఇంజను ఆపకుండా ఉంటే..."

"ఆపకుంటే డీజిలు మీ నాయన పోస్తాడా?"

టీకొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. హాల్టులో ఇంజను ఆపి తీరాలన్నది ఉమాశంకర్ పెట్టిన రూలు. చచ్చిపోయిన యశోద తండ్రికీ ఆ డీజిలుకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ మాటకు బదులు చెబుదామంటే, వ్యానులో ఇంతమంది కూలి ఆమె నాలుక మీద కూర్చుని ఉంది.

"దిగు" అన్నాడు.

దిగింది. ఆయన తాపీగా సీట్లో కూర్చుని, అద్దంలో జుట్టు సరిచేసుకుని, కీ తిప్పాడు. బండి గర్రున లేచింది. టీకొట్టు దగ్గర ఈసారి నలుగురూ బాహాటంగానే నవ్వారు. యశోదకు ఆ బండిని ఓ తన్ను తన్నాలనిపించింది.

"చూసినావా? బండికి ఏమీ లేదు. తప్పు తోలే చేతుల్లో ఉండాది" అన్నాడు ఉమాశంకర్, కొట్టు దాకా వినబడేలా. "ఆడోళ్లకు ఇస్తే ఇంతేనని అందరూ చెప్పిరి. నేనే వినకపోతిని. రేపట్నించి మా పోతులయ్య తోల్తాడులే. నువ్వు ఇంట్లో ఉండి రెస్టు తీసుకో."

పోతులయ్య ఆయన బావమరిది. మొన్నటిదాకా ఇసుక ట్రాక్టరు తోలేవాడు.

ఆ పూట ఉమాశంకరే ఫ్యాక్టరీ దాకా తోలాడు. యశోద సొంత సీటు వెనక, రామక్క పక్కన, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని పోయింది.

ధర్మవరంలో వాళ్ల వీధి పగలంతా మగ్గాల చప్పుడే. రామక్క మొగుడు నరసింహులు పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే చీకటి పడే దాకా లేవడు. ఒక్క మగ్గం మీద ఇల్లు గడవక రామక్క బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతోంది. ఆ వీధి నుంచి వ్యానెక్కే వాళ్లందరిదీ అదే కథ. పొద్దున్నే వాళ్లు వీధి చివరకు పోతుంటే యశోద తలుపు దగ్గరగా వేసుకుని లోపలే ఉండిపోయేది. ఇంజను లేచే చప్పుడు మాత్రం తలుపు వేసినా వినబడుతుంది. ధర్మవరంలో అది ఎప్పుడూ ఒక్క తిప్పుకే లేస్తుంది మరి.

ఖాళీగా కూర్చుంటే ఎలా? స్కూలు వ్యాన్లు నడిపే వీరభద్రయ్య దగ్గరకు పోయి అడిగింది. ఆయన కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, మర్యాదకు ఏమీ తక్కువ చేయలేదు.

"పనయితే ఉండాది తల్లీ. కాని పెనుకొండ మాట ఈడికీ వచ్చిండాది. నీ చేతికి బండి లేయదంటనే. పిల్లకాయల్ను ఎక్కించుకోని పోయేది..."

"బండిలోనే ఏదో ఉండాది పెద్దాయనా. నా చేతిలో కాదు."

"ఉంటే ఆ పోతులయ్యకూ తెలుస్తాది గదమ్మా. ఆయప్పకు ఒక్క రోజు గూడా మొరాయించలేదని ఉమాశంకర్ ఫోన్లో చెప్పె."

నీళ్లు సగం తాగి లేచి వచ్చేసింది. ఒక బండి పోతే ఇంకో బండి దొరుకుతుంది. కాని స్టీరింగు పట్టిన ఆడది ఒక్కసారి పనికిరానిదని పేరు పడితే, ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ కీ చేతికివ్వరు. మగ డ్రైవర్లు బండ్లను గుంతల్లో దించుతారు, తాగి గోడలకు గుద్దుతారు, మర్నాడు మళ్లీ ఏదో ఒక సీట్లో కూర్చుంటారు. తనకు మాత్రం బండి లేవకపోతే చాలు. ఇంటికొచ్చాక ఆ కోపంలో అన్నం కూడా సరిగా దిగలేదు.

మధ్యలో తనకే అనుమానం వచ్చింది. నిజంగానే కీ తొందరగా వదిలేస్తోందేమో. గోడకు కొట్టిన మేకును వేళ్లతో పట్టుకుని తిప్పి చూసుకుంది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసి చెయ్యి దించేసుకుంది.

ఆ సాయంత్రం రామక్క అరుగు మీద కూర్చుని భుజానికి ఆముదం రాసుకుంటోంది. యశోదను చూసి గబుక్కున కొంగు కప్పుకుంది.

"ఏమైందక్కా భుజానికి?"

"మిషన్ల మీద వంగి వంగి... ఏముంటాది" అంటూ సీసాకు మూత బిగించుకుని లోపలికి పోయింది. రామక్క కుట్టుపనికి పోబట్టి రెండేళ్లు దాటింది. మెడనొప్పి అంటుందే గాని భుజం మాట ఎప్పుడూ ఎత్తలేదు. పైగా యశోద కళ్లలోకి చూడకుండా మాట్లాడటం కొత్త.

మర్నాడు యశోద మొదటి బస్సెక్కి పెనుకొండ పోయింది. ఇమ్మానుయేలును పట్టుకుని, బండిలోనే ఏదో ఉంది, డ్రైవరు తప్పు లేదు అని ఉమాశంకర్‌కు ఒక్క మాట చెప్పించుకోవాలని ఆమె ఆశ. ఇమ్మానుయేలు ఇంకా షాపు తెరవలేదు. హాల్టు దగ్గరకు వస్తే వ్యాను లేదు. టీకొట్టతను గరిటెతో కొండ వైపు చూపించాడు.

"ఇప్పుడు ఈడ ఆపడంల్యా. ఆ మిట్ట మీద ఆపుతాండాడు. గాలి బాగుంటాదంట."

గాలి! కోట కింద ఆ ఏటవాలు రోడ్డు మీదికి ఎక్కడానికి ఈ ఊరి ఆడవాళ్లు రోజూ డబ్బాలు మోసుకుంటూ ఆయాసపడాలి, పోతులయ్యకు గాలి కోసం. యశోద ఆ మిట్ట వైపు నడిచింది. మూల మలుపు తిరిగి ఆగిపోయింది.

వ్యాను వాలుకు ముఖం పెట్టి నిలబడి ఉంది. డబ్బాలూ సంచులూ రోడ్డు పక్క వరసగా పెట్టి ఉన్నాయి. ధర్మవరం వాళ్లు, పెనుకొండ వాళ్లు అంతా వెనక చేరి బండిని తోస్తున్నారు. రామక్క కొంగు నడుముకు బిగించి, ఆ నొప్పి భుజాన్నే వెనక తలుపుకు ఆనించి, కాళ్లు వెనక్కి తన్నిపెట్టి నెడుతోంది. "ఊ... ఇంగొంచెం" అని ముందు నుంచి పోతులయ్య కేక వినబడుతోంది. బండి కదిలి, దొర్లి, ఒక్క కుదుపుతో లేచింది. అందరూ సంచుల కోసం పరుగెత్తారు.

యశోద కోపం వస్తే వస్తుందేమో అనుకుంది గాని, ముందు ఏడుపు వచ్చింది. అది మింగితే అప్పుడు వచ్చింది కోపం.

పోయి రామక్క చెయ్యి పట్టుకుంది.

"రోజూ ఇట్లనేనా?"

"రోజూ కాదు మే. లేయని రోజు."

"లేయని రోజు తోసి, సాయంత్రం నా ఇంటి ముందర్నే పోతాంటిరే! ఒక్కరు... ఒక్కరు నోరు తెరిచి చెప్పలేదే!"

డ్రైవరు సీట్లోంచి పోతులయ్య తల బయట పెట్టాడు. యశోదను చూసి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "ఎక్కండి ఎక్కండి, టైమయితాంది" అని అరిచాడు. రామక్క చెయ్యి విడిపించుకుని ఎక్కేసింది. బండి యశోద కాళ్ల మీద దుమ్ము పోసి పోయింది.

ఆమె తిన్నగా ఇమ్మానుయేలు షాపుకు పోయింది. అతను అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"ఆడోళ్లు తోస్తే లేస్తాండాది బండి. పోయి ఆ రోడ్డు మీద చక్రాల జాడలు చూసుకో. ఇంగా నా కీ, నా చెయ్యి అంటావా?"

ఇమ్మానుయేలు తల గోక్కున్నాడు. మంచివాడే. కాకపోతే చూసింది తప్ప నమ్మడు. "నా కాడికి వచ్చినప్పుడల్లా బాగా ఉండె గదక్కా. నేనేం చేస్తును?"

"జ్వరం తగ్గినాక చెయ్యి పట్టుకోని చూస్తే ఏం తెలుస్తాది? ఉన్నప్పుడు చూడల్ల. రేపు పొద్దున ఆ మిట్ట కాడికి రా. బండి లేయకుంటే, వాళ్లు తోసేకి ముందర నువ్వు చూడు. లేస్తే ఇంగ నా మొగం నీకు చూపియ్యను."

ఫోను తీసి ఉమాశంకర్‌కు కూడా చేసింది. "రేపు పెనుకొండకు రండి సార్. మీ బండి రోగం చూపిస్తాము" అంది. అవతల ఆయన ఏదో అంటుండగానే పెట్టేసింది. ఓనరు మాట్లాడుతుండగా ఫోను పెట్టడం ఆమెకు అదే మొదలు.

సాయంత్రం రామక్క తనే వచ్చింది. గడప లోపలికి రాకుండా తలుపుకు ఆనుకుని నిలబడింది.

"తిట్టు మే. తిట్టించుకోవల్లనే వచ్చినా."

"తిట్టడానికేముందక్కా. ఎందుకు చెప్పలేదో అది చెప్పు."

"చెప్తే ఉమాశంకర్ బండిని షెడ్డులో పెడతాడు. ఒగ వారమో, రెండు వారాలో. బండి లేకుంటే మేమంతా ఇంట్లోనే. నీ పని పోతే నీ ఒక్కదానిది పోతాది. బండి ఆగిపోతే మా అందరిదీ పోతాది. అట్ల లెక్కేసుకున్యాం." భుజం తడుముకుంది. "పోతులయ్య గూడా కాళ్లా వేళ్లా పడినాడు. వాళ్ల బావకు తెలిస్తే, నువ్వు గూడా ఆ ఆడదాని మాదిరేనా అంటాడంట."

యశోదకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటేనే కళ్లు మండాయి. బండి తనకు లేవకపోతే తను పనికిరానిది. వాడికి లేవకపోతే ఆ మాట బయటికి రాకూడదు. దానికి ఇంతమంది ఆడవాళ్ల భుజాలు అడ్డం పెట్టాలి.

"రేపు ఒక్క రోజు తోయొద్దు. నేనొచ్చే దాకా ఆగండి" అంది.

రామక్క కొంగు సర్దుకుని వీధిలోకి దిగి పోయింది.

పొద్దున యశోద, ఇమ్మానుయేలు మిట్ట ఎక్కేసరికి వ్యాను అక్కడే ఉంది. ఆడవాళ్లు వెనక నిలబడి ఉన్నారు గాని ఎవరి చెయ్యీ బండి మీద లేదు. పోతులయ్య కిందికి దిగి బతిమాలుకుంటున్నాడు.

"తోయండక్కా... అమ్మా, తోయండి. గేటు మూస్తారు."

"కీ తిప్పు" అన్నాడు ఇమ్మానుయేలు అతనితో.

పోతులయ్య యశోద వంక చూశాడు. "వద్దక్కా. బావకు తెలుస్తాది."

"తెలిసేకే వచ్చినా. తిప్పు."

తిప్పాడు. బండి మూలిగింది. ఆగింది. మళ్లీ అదే. ఆ మూలుగు యశోద చెవులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. మొదటిసారి ఆ రోగం మెకానిక్కు ముందు బయటపడింది. ఇమ్మానుయేలు ముఖం మారింది. సంచిలోంచి క్లిప్పులున్న మందపాటి వైరు తీసి, ఒక కొసను బ్యాటరీ మైనస్సుకు, రెండోదాన్ని ఇంజను ఇనుముకు తగిలించాడు.

"ఇప్పుడు తిప్పు."

కీ తిప్పీ తిప్పకముందే ఇంజను లేచింది. ఆపించి, వైరు తీసి తిప్పించాడు. మూలుగు. వైరు పెట్టాడు. లేచింది. ఇంకెవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. అతను బండి కిందికి దూరి చేత్తో తడుముతూ పోయి, "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కాలిపోతాండాది అక్కా! ఎర్త్ పట్టీ!"

ఇంజను నుంచి బండి అడుగు చట్రానికి, అంటే ఛాసిస్‌కు, పోయే పట్టీ అది. సెల్ఫ్ మోటారు వాడుకున్న కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరేది ఆ దారినే. పట్టీ బాగానే ఉంది, బోల్టూ గట్టిగానే ఉంది. బోల్టు విప్పితే దాని కింద మెరవాల్సిన ఇనుము లేదు. దళసరిగా నల్ల రంగు ఉంది.

పాత బండ్లకు ఎఫ్.సి., అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, కావాలంటే ఈ ప్రాంతంలో అందరూ చేసే పని ఒకటుంది. లోపల ఏ రోగమున్నా ముందురోజు పైన రంగు కొట్టించి, తుప్పు కనబడకుండా కింద ఛాసిస్‌కు నల్ల పెయింటు పట్టించి, ఆఫీసరు ముందు నిలబెడతారు. హిందూపురంలో ఏ షెడ్డులోనో పట్టీ విప్పి, రంగు చిమ్మి, ఆ రంగు మీదే మళ్లీ బోల్టు బిగించేశారు. "రంగులో కరెంటు పారదు గదా. బోల్టు మరల కాడ కాస్త అంటుకున్న రోజు లేస్తాది. ఇంజను కాగి బరువెక్కితే అది చాలదు" అన్నాడు ఇమ్మానుయేలు కిందినుంచే. తర్వాత గొంతు తగ్గించి, "నేను తప్పుగా అంటినక్కా" అన్నాడు. యశోద ఊకొట్టింది. ఎమెరీ కాగితం తీసి అతని చేతికి తనే అందించింది.

ఇనుము తెల్లగా తేలే దాకా గీకి, బోల్టు బిగించి, అతను బయటికి వచ్చేసరికి ఉమాశంకర్ మోటారు సైకిలు దిగుతున్నాడు.

"ఎవడ్రా నా కొత్త రంగు గీకింది?"

ఇమ్మానుయేలు చూపించాడు, చెప్పాడు. ఆయన వంగి చూశాడు, మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. యశోద ఎదురుచూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట వస్తుందని నిజంగానే అనుకుంది.

"సరే, ఏదో అయిపోయింది గదా. ఎప్పుడన్నా ఒగసారి అట్ల చేసేదేమో" అన్నాడు ఆయన. "అయినా పోతులయ్య చేతిలో ఒక్క రోజూ ఆగలేదు. రేయ్, బండి తీయ్. ఎక్కండమ్మా, గేటు మూసే టైమయింది."

అంతే. తప్పు దొరికింది, బండి బాగయింది, సీటు మాత్రం బావమరిదిదే. ఇంతా చేసి వాడికి బండి బాగుచేసి ఇచ్చినట్టయింది.

పోతులయ్య తల దించుకుని సీట్లో కూర్చుని కీ తిప్పాడు. ఇంజను చక్కగా లేచింది. ఉమాశంకర్ చూశారా అన్నట్టు నవ్వాడు.

ఎవరూ ఎక్కలేదు. రామక్క చేతిలో డబ్బా రోడ్డు పక్కన పెట్టింది. కొంగు నడుముకు బిగించి, బండి వెనక్కి పోయి, రెండు చేతులూ తలుపుకు ఆనించి నిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె చేరింది. తర్వాత పెనుకొండ వాళ్లు. ఒక్కొక్క డబ్బా రోడ్డు పక్కకు చేరింది. ఇంజను ఆడుతూనే ఉంది, ఆడవాళ్లంతా దాని వెనక చేతులు ఆనించి నిలబడే ఉన్నారు.

"ఏందమ్మా ఇది? స్టార్టయింది గదా, ఎక్కండి."

"పోతులయ్య తోలితే మా జాగా ఇదే సార్" అంది రామక్క. "ఈడ్నించే గదా తోస్తాండేది."

"తోసేదేంది?" ఉమాశంకర్ బావమరిది వైపు తిరిగాడు. "ఏం రా, తోసేదేంది?"

పోతులయ్య స్టీరింగు కేసే చూస్తూ అన్నాడు. "నాకూ లేయలేదు బావా. అందుకే మిట్ట మీద పెడ్తాంటి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"యశోదక్క చెప్పె గదా. చెప్తే ఏం చేస్తివి?"

సీటు దిగి, తలుపు తెరిచే ఉంచి, పక్కకు పోయి నిలబడ్డాడు. ఉమాశంకర్ గడియారం చూసుకున్నాడు. ఈ ఆడవాళ్లు గేటు దగ్గర దిగకపోతే ఫ్యాక్టరీ వాళ్లు ఏమంటారో ఆయనకు తెలుసు. పూట కూలి పోతుందని వాళ్లకూ తెలుసు. తెలిసే కదలడం లేదు. నిన్న రాత్రి దాకా యశోదకు వాళ్ల మీద ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది.

"సరేలే యశోదమ్మా" అన్నాడు చివరికి. "నువ్వే ఎక్కు. పోనీ."

యశోద ఎక్కలేదు.

"ఊరి నడుమ దింపితిరి సార్ నన్ను. నా తప్పని దింపితిరి. ఎవురి తప్పో చెప్పండి, ఎక్కుతా."

ఆయన అటూ ఇటూ చూశాడు. "బండిదే" అన్నాడు నోట్లో.

"గట్టిగా చెప్పండి సార్. ఎనకాలోళ్లకు వినపడల్ల."

ఇంజను చప్పుడు మీదుగా వినబడాలంటే అరవక తప్పదు. ఉమాశంకర్ గొంతు సవరించుకుని, బండిదే తప్పని, యశోదది కాదని అరిచాడు. అప్పుడు రామక్క తలుపు మీది నుంచి చేతులు తీసింది.